పన్నెండేళ్లు చేసింది, పన్నెండేళ్ల నుంచి చేస్తున్నది

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. అల్లరి క్లాసును ఎలా పట్టుకోవాలి, గ్రామరు నిద్ర రాకుండా ఎలా చెప్పాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. మీరు చేసిన పెద్ద తప్పేమిటి మేడం అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా ఇవాళ చెబుతాను. ఎందుకంటే అది నాకు రాని పాఠంలో చేసిన తప్పు కాదు. ముప్పై ఏళ్లు ప్రతి క్లాసులోనూ, ప్రతి ఏడాదీ చెప్పిన పాఠంలో చేసిన తప్పు.

మా తాతలు నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర ఒక ఊళ్లో పొలాలు కొనుక్కున్నారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అయినా మా ఇంట్లో మాట మారలేదు. ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్లు బాన్సువాడలో ఆడపిల్లలు ఉండి చదువుకునే ఒక సర్కారు బడిలో పనిచేశాను. నేను "ఏంటి?" అంటే చాలు, వెనక బెంచీలు "ఏంది" అని గుసగుసగా దిద్దేవి. తెలుగులో నన్ను దిద్దినా పట్టించుకునేదాన్ని కాదు. ఇంగ్లీషులో నన్ను దిద్దేవాళ్లు మండలంలో లేరని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

ఎనిమిదో తరగతికి భూతకాలం చెప్పడం ఒక సరదా. ఆ పేరు చెప్పగానే పిల్లలు "భూతం" అని ఒకరినొకరు గిచ్చుకుని నవ్వుతారు. నవ్వనిచ్చి, బోర్డు మీద వర్క్ అని రాసేదాన్ని. దాని చివర ఈ, డీ తగిలిస్తే వర్క్‌డ్. నిన్న పనిచేశాను, మొన్న పనిచేశాను, పని అయిపోయింది. ఇలా బుద్ధిగా ఈడీ తగిలించుకునే క్రియలు ఇంగ్లీషులో వేలకు వేలు ఉన్నాయి. వాటిని చూపించడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. మా క్లాసు కిటికీలోంచి చూస్తే ఎదురుగా రేకుల వంట షెడ్డు. అందులో వంటక్క.

ఆమెను బడిలో అందరూ వంటక్క అనే పిలిచేవాళ్లం. నలభై అయిదేళ్లుంటాయి. పక్క ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చేది. నేను ఆ బడికి రాకముందే ఆమె అక్కడ మూడేళ్లుగా ఉంది. అంతకు ముందు నాట్లకు, కోతలకు పోయేదట. చదివింది నాలుగో తరగతి. పిల్లలు రెండు వందల మంది. ముగ్గురు ఆడవాళ్లు వండేవాళ్లు, అందులో ఈమె పెద్ద. బియ్యం కడిగేది, పప్పు ఉడికించేది, ఆలుగడ్డ పొట్టు తీసేది, గిన్నెలు తోమేది, వడ్డించేది. నేను కిటికీలోంచి చెయ్యి చూపించి, "చూడండి, అక్క ఏం చేసింది?" అంటే పిల్లలు "వాష్డ్! పీల్డ్! బాయిల్డ్!" అని అరిచేవాళ్లు. వంటింటి పనులన్నీ దాదాపు బుద్ధిమంతులైన క్రియలే. అక్క మిరపకాయలు నూరుతుంటే మాత్రం నేను కిటికీ వైపు చూసేదాన్ని కాదు. గ్రైండ్ అనేది మొండిది, ఈడీ తగిలించుకోదు, గ్రౌండ్ అయి కూర్చుంటుంది.

అక్కకు ఇదంతా వినబడేది. మొదట్లో సిగ్గుపడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తర్వాత అలవాటైంది. భోజనాల దగ్గర నన్ను చూసి, "మేడం, ఇయ్యాల నాతోని ఎన్ని పనులు చేపిచ్చిండ్రు?" అని నవ్వేది. ఒకరోజు ఒక పిల్ల లేచి "అక్క వాష్డ్ ద రైస్" అంది. నేను శభాష్ అనబోతుంటే షెడ్డులోంచి గొంతు వినబడింది.

"ఇంక కడుగుతనే ఉన్న బిడ్డా. గప్పుడే ఈడీ ఏంది? వాషింగ్ అను."

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఎవరూ నేర్పకుండానే కిటికీ అవతల ఒక విద్యార్థి తయారైందని ఇంటికి వెళ్లి మా ఆయనకు గొప్పగా చెప్పాను. అదే విద్యార్థి రేపు నాకు పరీక్ష పెడుతుందని అనుకోలేదు.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. రోజుకూలీ మీద చాలా ఏళ్లుగా వంట చేస్తూ, ఇప్పటికీ పనిలో ఉన్నవాళ్లను కాంట్రాక్టు ఉద్యోగంలోకి తీసుకుంటారట. బడి నుంచి ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాసి పంపాలి. మిగతా ఇద్దరు వంటవాళ్లు కొత్తవాళ్లు, వాళ్లకు ఇంకా వరస రాలేదు. మా బడి నుంచి వెళ్లాల్సింది వంటక్క పేరు ఒక్కటే. ఆమెకు అదెంత అవసరమో అందరికీ తెలుసు. రోజుకూలీ అంటే ఏ పొద్దున రావద్దంటే ఆ పొద్దుటి నుంచి ఇంట్లో కూర్చోవాలి. "మల్ల నాట్లకు వొంగాలంటే నా మోకాళ్లతోని కాదు మేడం" అని ఎన్నోసార్లు అంది.

మా హెడ్‌మాస్టరు కూడా ఆడమనిషే. బాన్సువాడ పక్కనే ఊరు, తాతల నాటి నుంచి చెరకు, వరి పండించే కుటుంబం. నన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టారు. "మేడం, మన బడిల ఇంగ్లీషు అంటే మీరే. మంచిగ రాయుండ్రి. ఆఫీసోళ్లు చదివి పరేషాన్ కావాలె" అన్నారు.

వాళ్లు పరేషాన్ అయ్యేలాగే రాశాను.

బదిలీ మీద వెళ్లిపోయే టీచర్లకు నేను ఇదివరకు బోలెడు సర్టిఫికెట్లు రాశాను. అవన్నీ కంప్యూటరులో ఉన్నాయి. అందులో ఒకటి తీసి, పేరు మార్చి, నా సొంత మెరుగులు కొన్ని పెట్టాను. షీ వర్క్‌డ్ ఇన్ అవర్ స్కూల్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్. షీ కుక్డ్ విత్ కేర్. షీ సర్వ్‌డ్ విత్ లవ్. చిన్న చిన్న వాక్యాలు. ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. హెడ్‌మాస్టరు మేడం చదివి, "ఎందుకో కండ్లల్ల నీళ్లొస్తున్నయి మేడం" అన్నారు. ఆ నీళ్లు ఎందుకొచ్చాయో మా ఇద్దరికీ తర్వాత తెలిసింది. అది వీడ్కోలు పత్రంలా ఉంది మరి.

సంతకం అయిన కాగితం పట్టుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే వంటక్క ఎదురైంది. చేతులకు పిండి. "ఏం రాసిండ్రు మేడం? జెర చదివి ఇనిపిచ్చుండ్రి" అంది. నిలబడే చదివాను. ఆమె తల ఒక పక్కకు వంచి విన్నది.

"మేడం, వర్క్‌డ్ అంటే అయిపోయినట్టే గదా?"

"అవును."

"మరి నేనింక ఉన్న గదా. పన్నెండేండ్లు చేసింది అంటే, చేసి పోయింది అన్నట్టు లేదా? పన్నెండేండ్ల సంది చేస్తుంది అని రాయాలె గదా?"

ఇక్కడ మీరు నా మొహం చూసి ఉండాల్సింది. ఆమె అడిగినది సరైన ప్రశ్న. నేను ఎనిమిదో తరగతిలో ఎవరైనా పిల్ల అదే అడిగితే చప్పట్లు కొట్టించేదాన్ని. కానీ అడిగింది చేతులకు పిండి ఉన్న వంటమనిషి, అడిగింది నా ఇంగ్లీషు గురించి, అప్పటికే సంతకం అయిపోయింది, పైగా బెల్లు కొట్టారు. ఇన్ని సాకులు ఒక్కసారి దొరికితే ఎవరు వదులుకుంటారు?

"సర్టిఫికెట్ భాష అలాగే ఉంటుంది అక్కా. నువ్వు కంగారు పడకు" అన్నాను.

"గట్లనా? మీకే ఎరుక మేడం" అని ఆమె షెడ్డులోకి వెళ్లిపోయింది. నేను క్లాసుకు వెళ్లి, ఆ రోజు కూడా భూతకాలమే చెప్పాను.

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం పదిన్నరకు బడి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ల ఆవిడ దిగింది. చేతిలో సంచి, కవరు. నేరుగా హెడ్‌మాస్టరు గదిలోకి వచ్చి కవరు ఇచ్చింది. నేను అక్కడే ఉన్నాను. మేడం కాగితం తీసి చదివి, అద్దాలు సరిచేసుకుని మళ్లీ చదివారు.

"మన బడిల వంటమనిషి ఖాళీ ఉన్నదట. ఆ ఖాళీల ఈమెను ఏసిండ్రు" అన్నారు. "ఖాళీ ఏడున్నది మేడం? నాకు తెల్వకుంట ఎవలు పోయిండ్రు?"

కాగితం నా చేతికిచ్చారు. అందులో మా వంటక్క పేరు పక్కన, పనిలో లేరు అని ఉంది. నాకు ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది. పిండి చేతులు, వంచిన తల, నేను చెప్పిన జవాబు అన్నీ కళ్ల ముందు కదిలాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నేను కూడ మంచిగ చూడకుంట సంతకం పెట్టిన" అన్నారు మేడం నెమ్మదిగా. "మీరు రాసిండ్రు గదా అని."

ఆ మాట నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, లిస్టు బుధవారం పొద్దున పైకి పోతుందని, ఏమైనా ఉంటే రాసినవాళ్లే రేపు వచ్చి సూపరింటెండెంటు గారితో మాట్లాడుకోవాలని చెప్పారు. నేను షెడ్డు వైపు నడిచాను. అక్కకు ఏ మాటలతో చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. అక్కడికి వెళ్లేసరికి కొత్తావిడ ముందే చేరింది. ఇద్దరూ గోడ పక్కన కూర్చుని టమాటాలు కోస్తున్నారు. ఏం జరిగిందో వాళ్లు వాళ్లే చెప్పుకుని తేల్చేసుకున్నారు.

"ఈమె తప్పేముంది మేడం?" అంది అక్క నన్ను చూసి. "ఆఫీసోళ్లు పొమ్మన్నరు, వచ్చింది. ఇద్దరు పిల్లలున్నరట."

కొత్తావిడ తల దించుకుని, "అక్క ఉన్నదని నాకు తెల్వదు మేడం. తెలిస్తే రాకపోదును" అంది.

"అక్కా, తప్పు నాదే. నువ్వు ఆ రోజే చెప్పావు. రేపు మనిద్దరం ఆఫీసుకు వెళ్లాలి" అన్నాను.

అక్క కత్తి పక్కన పెట్టింది. కోపం వస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం, "మరి రేపు పిల్లలకు వంట? మిగిలిన ఇద్దరితోని కాదు" అంది.

"నేను చేస్త తీ అక్కా" అంది కొత్తావిడ.

అలా, వంటక్క ఉద్యోగంలోకి వచ్చిన మనిషే, వంటక్క తన ఉద్యోగం తిరిగి తెచ్చుకోవడానికి వెళ్లిన రోజున, ఆమె బదులు వంట చేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి బదిలీ ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

మర్నాడు అక్క ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీరలో వచ్చింది. ముందు షెడ్డులోకి వెళ్లి, ఉప్పు డబ్బా ఎక్కడుందో, పెద్ద గంజు గిన్నె ఎటు వంగి ఉంటుందో చూపించి, "పప్పుల చింతపండు జెర తక్కువెయ్యి, చిన్న పిల్లలు పులుపు తినరు" అని అప్పగింతలు పెట్టింది. తర్వాత బస్టాండుకు నడిచాం. కోతల కాలం. ఊరు దాటగానే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు రెండో పక్క నుంచి జాగ్రత్తగా పోతోంది. కిటికీ పక్కన కూర్చుని అక్క అడిగింది.

"మరి సరైన మాట ఏంది మేడం? చేస్తుంది అన్నదానికి?"

"హాజ్ బీన్ వర్కింగ్" అన్నాను. "అప్పుడు మొదలుపెట్టింది, ఆపలేదు, ఇవాళా చేస్తోంది అని."

"మనం ఒక్క 'సంది' అంటే అయిపోతది. ఆళ్లకు మూడు మాటలు కావాల్నా?" అని ఆశ్చర్యపోయింది. ఆ మూడు మాటలు పెదవుల మీదే రెండు మూడుసార్లు అనుకుని చూసింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏళ్ల తరబడి ఈ తేడా చెప్పడానికి నేను బోర్డు మీద గీతలు గీసి, బాణాలు వేసి, పిల్లల్ని తికమక పెట్టాను. పన్నెండేళ్లు, పన్నెండేళ్ల నుంచి. తెలుగులోనే ఉంది కదా ఆ తేడా! నాకెప్పుడూ తోచనే లేదు.

సూపరింటెండెంటు గారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. మర్యాదగా కూర్చోమన్నారు. ఫైలు తెప్పించి, నా సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మీ బడి కాగితమే గదా మేడం?"

"అవునండీ."

"మీరు వర్క్‌డ్ అని రాసిండ్రు. కింద కుక్డ్ అని రాసిండ్రు. గా కింద సర్వ్‌డ్. మూడు ముక్కలు రాస్తే మూడూ అయిపోయినయే. పాపం ఆమె పని ఇడిసిపెట్టింది అనుకున్నం. ఖాళీ చూపిచ్చినం. గిండ్ల మా తప్పేమన్న ఉన్నదా?"

"లేదండీ."

"ఎవలు రాసిండ్రు మేడం ఇది?"

"నేనే."

"మీరేం సబ్జెక్టు చెప్తరు?"

సోషల్ అని చెప్పేద్దామా అనిపించింది. నిజంగా అనిపించింది. గదిలో ఉన్న నలుగురు గుమాస్తాలూ పని ఆపి చూస్తున్నారు. "ఇంగ్లీషు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వి దగ్గినట్టు నటించారు. సూపరింటెండెంటు గారు నవ్వలేదు.

"మాకు చిన్నప్పుడు మా సారు గట్లనే చెప్పిండు మేడం, ఈడీ ఉంటే అయిపోయినట్టు అని. తప్పు చెప్పిండంటరా?"

"లేదండీ. సరిగ్గానే చెప్పారు."

"సరే. నాకు నోటి మాట పనికి రాదు. సరైన సర్టిఫికెట్ ఇంకోటి ఇయ్యుండ్రి, మీ హెడ్‌మాస్టరు సంతకంతోని. దాంతోపాటు ఈ తప్పు ఎట్ల జరిగిందో రాసి, మీరు సంతకం పెట్టుండ్రి. నాలుగింటి లోపట. రేపు లిస్టు పోతది."

మా మేడం తెలివైన మనిషి. ముందు రోజే నా చేత కొత్త సర్టిఫికెట్ రాయించి, ఈసారి రెండుసార్లు చదివి, సంతకం పెట్టి ఇచ్చారు. అది సంచిలో ఉంది. ఇక కావాల్సింది నా వివరణ. వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. అక్క పక్కన కూర్చుంది.

ఆ ఒక్క కాగితానికి గంటన్నర పట్టింది. మొదట, పని ఒత్తిడి వల్ల అని రాశాను. కొట్టేశాను. పాత నమూనాలో ఉన్న మాట పొరపాటున ఉండిపోయింది అని రాశాను. అదీ కొట్టేశాను. చివరికి, ఎ మిస్టేక్ వాజ్ కమిటెడ్ అని ఒక నిండైన వాక్యం దొరికింది. గ్రామరు ప్రకారం వంక పెట్టడానికి లేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"ఏం రాసిండ్రు మేడం?" అంది అక్క.

"పొరపాటు జరిగింది అని."

"ఎట్ల జరిగింది? వానొచ్చినట్టు దానంతట అదే జరిగిందా?"

ఆమె నన్ను దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది కూడా. ఎవరు చేశారో చెప్పకుండా తప్పును మాత్రం చెప్పే వాక్యాలు ఎలా కట్టాలో నాకు బాగా తెలుసు. పదో తరగతికి అది కూడా నేనే చెబుతాను. మూడు వారాల కింద ఈమె అడిగినప్పుడు తప్పించుకున్నాను. ఇప్పుడు మళ్లీ ఈమె పక్కనే కూర్చుని, ఈసారి కాగితం మీద, తప్పించుకుంటున్నాను.

కొత్త కాగితం తీసుకున్నాను. ఐ యూజ్డ్ ద రాంగ్ టెన్స్. షీ పాయింటెడ్ ఇట్ ఔట్. ఐ ఇగ్నోర్డ్ హర్. తప్పు కాలం వాడాను. ఆమె ఎత్తి చూపింది. నేను పట్టించుకోలేదు. మూడు వాక్యాలు, మూడు ఈడీలు. మూడూ జరిగిపోయినవే, మార్చడానికి వీల్లేనివే. భూతకాలాన్ని నేను అంత సరిగ్గా వాడింది ఆ రోజేనేమో.

అక్కకు తెలుగులో చదివి వినిపించాను. ఆమె కంగారు పడింది.

"నా ముచ్చట ఎందుకు మేడం అండ్ల? వంటామె చెప్తే ఇనలేదని రాస్తే మీ ఇజ్జత్ పోతది."

"ఉన్నది ఉన్నట్టు రాస్తేనే కాగితం నిలబడుతుంది అక్కా" అన్నాను. మనసు మారకముందే సంతకం పెట్టేశాను.

సూపరింటెండెంటు గారు ఆ మూడు వాక్యాలు చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈమె ముందే చెప్పిందా?"

"చెప్పిందండీ."

"మీరు ఇనలే."

"వినలేదు."

ఆయన కొత్త సర్టిఫికెట్ తీసి చదివి, లిస్టులో పేరు ఎక్కించి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. అంత పెద్ద భారం దిగడానికి అర నిమిషం పట్టలేదు. తర్వాత అక్క వైపు తిరిగి, "అమ్మా, నువ్వు ఈడున్నవు. మరి ఇయ్యాల బడిల వంటెవలు చేస్తున్నరు?" అని అడిగారు.

"మీరు పంపినామెనే సార్" అంది అక్క.

ఈసారి గుమాస్తాలు దగ్గు నటించలేదు, హాయిగా నవ్వారు. సూపరింటెండెంటు గారి పెదవి కూడా కదిలింది. నేను దండం పెట్టి లేచాను. అక్క లేవలేదు.

"సార్, ఆమెను ఉత్తగ ఇంటికి పంపకుండ్రి. మీ కాగితం నమ్ముకొని వచ్చింది. మా మేడం తప్పు రాస్తే ఆమె ఏం చేసింది? ఏడన్న ఇంకో బడి చూపెట్టుండ్రి" అంది.

తన పేరు లిస్టులో చేరి ఇంకా సిరా ఆరలేదు. అప్పుడే పక్క మనిషి సంగతి మాట్లాడుతోంది. నాకైతే ఆ ఆలోచనే రాలేదు. ఆయన ఫైళ్లు తిరగేసి, నిజాంసాగర్ దిక్కు ఒక బడిలో నిజంగానే ఖాళీ ఉందని, అక్కడికి మార్పిస్తానని చెప్పారు. వారం తిరగకుండా మార్పించారు కూడా. కొత్తావిడకు అది తల్లిగారి ఊరికి దగ్గర పడింది. పోయేముందు మా షెడ్డుకు వచ్చి అక్కకు చెప్పి మరీ పోయింది.

తిరుగు బస్సులో ఉండగా మా మేడం ఫోన్ చేశారు. సంగతి విని, ఫోనులోనే చప్పట్లు కొట్టారు. తర్వాత, వంట బాగా కుదిరిందని, పిల్లలు పప్పు రెండోసారి అడిగి తిన్నారని చెప్పారు. నేను ఆ మాట అక్కకు చెప్పాను. ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఉన్న మనిషి ఒక్కసారి ముడుచుకుంది.

"ఆకలైంది కావొచ్చు" అంది. బాన్సువాడ వచ్చేదాకా ఆ పప్పు ముచ్చట మళ్లీ ఎత్తలేదు.

చిన్నవాళ్లు మీరు. మీకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చి ఉంటుంది. తప్పులు చెయ్యకండి అని నేను చెప్పను, చేస్తారు. కాగితం మీద మీరు తగిలించే రెండు అక్షరాలు ఒకరి పని ఊడగొట్టవచ్చు. అందుకే పంపేముందు, ఆ కాగితం ఎవరి గురించో వాళ్లకు ఒకసారి చదివి వినిపించండి. నేనూ వినిపించాను, ఆ మాటకొస్తే. వాళ్లు చెప్పేది మీరు కూడా వినాలి, అదీ నేను మరిచింది.

బుధవారం ఎనిమిదో తరగతికి వెళ్లి, ఏమీ చెప్పకుండా బోర్డు మీద నా పాత వాక్యం రాశాను. ఈమె ఇప్పటికీ మన బడిలో పనిచేస్తోంది, మరి ఇందులో తప్పేంటి అని అడిగాను. పిల్లలు తలలు గోక్కున్నారు. అప్పుడు బోర్డు మీద తెలుగులో, పన్నెండేళ్లు చేసింది, పన్నెండేళ్ల నుంచి చేస్తున్నది అని ఒకదాని కింద ఒకటి రాశాను. సగం క్లాసు ఒక్కసారి లేచింది. బాణాలు లేవు, గీతలు లేవు. రెండు నిమిషాల్లో వాక్యం సరైపోయింది.

"శభాష్. ఇక ఈ తప్పు వాక్యం ఎవరు రాశారో చెప్పనా? నేనే" అన్నాను. ఆఫీసుకు వెళ్లిన సంగతీ, అక్క చెబితే విననిదీ అంతా చెప్పాను. చివరి బెంచీలో, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి మెల్లగా చెయ్యి ఎత్తింది.

"మేడం, తప్పు రాసినోళ్లు సరైంది పదిసార్లు రాయాలె గదా?"

ఆ రూలు నేను పెట్టిందే. ఆ పిల్ల చేత ఎన్నోసార్లు రాయించాను కూడా. సుద్దముక్క తీసుకుని బోర్డు పైనుంచి మొదలుపెట్టాను. షీ హాజ్ బీన్ వర్కింగ్ ఇన్ అవర్ స్కూల్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్. వెనక నలభై గొంతులు కలిసి ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాయి. ఆరోదానికి భుజం లాగింది. చాలు అంటారేమో అని వెనక్కి తిరిగి చూశాను.

"ఇంక నాలుగున్నయి మేడం" అంది చివరి బెంచీ పిల్ల.